పేరు రాయలేదు, అయినా ఊరంతా పోల్చుకుంది

ప్రశ్న

ఒక దినపత్రికకు మండల కేంద్రంలో తొమ్మిదేళ్లుగా కంట్రిబ్యూటర్‌గా, అంటే స్థానిక విలేకరిగా, ఉన్న పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన పరిధిలోని ఒక ఊళ్లో ఆమధ్య బాలికపై లైంగిక దాడి జరిగింది. పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం) కేసు. నిందితుడు ఆ అమ్మాయి ఇంటి మనిషే. పోలీసుల ప్రెస్‌నోట్ చూసి ఈయన ఐటమ్ (వార్త) పంపారు. బాలిక పేరు రాయలేదు, అతను ఆమెకు ఏమవుతాడో కూడా రాయలేదు. నిందితుడి పేరు మాత్రం ఇంటిపేరు, తండ్రి పేరు, కాలనీతో సహా ఇచ్చారు. అదే రోజు మరో పత్రిక నిందితుడి పేరు వదిలేసి, ‘వరసకు ఫలానా అయ్యే మృగాడు’ అని రాసింది. బాలిక ఏ తరగతో కూడా చెప్పింది. పొద్దున ఎనిమిదింటికల్లా రెండు క్లిప్పింగులూ ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఆ అమ్మాయి ఆ రోజు నుంచి బడి మానేసింది.

ఇప్పుడు ఛార్జిషీటు పడబోతోంది. నిందితుడి ఫొటోతో ఫాలోఅప్ కావాలని డెస్క్ ఇన్‌చార్జి అడుగుతున్నారు. ‘వాడి ఫొటో వెయ్యండి బాబూ, నా పేరు పెట్టుకున్నా ఫర్వాలేదు’ అని బాలిక తల్లి కూడా అంటోంది. ఒక యూట్యూబ్ చానెల్ కుర్రాడు ఆమెను ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి ఇంటర్వ్యూ తీసి పెట్టేశాడు. ఈసారి పేరు రాయకపోతే నిందితుడి వాళ్ల దగ్గర డబ్బు ముట్టిందంటారని, ఒకరిద్దరు అప్పుడే ఆ మాట అన్నారని ఈయన బాధ. ‘నేను రూలు ప్రకారమే రాశాను కదా, తప్పు నాదేనా? ఇప్పుడేం చెయ్యాలి?’ అని అడుగుతున్నారు.

(ఊరు, వయసు, బంధుత్వం ఇక్కడ తీసేశాం. వాటిలో ఏ రెండు ఉంచినా ఈ జవాబు కూడా ఆ క్లిప్పింగుల పక్కన చేరేది.)

జవాబు

ఆ రెండు వార్తల్లో ఏ ఒక్కటీ ఊరి బయటి మనిషికి ఆ అమ్మాయిని చూపించదు. రెండూ పక్కపక్కన పెడితే చూపిస్తాయి. మీరు పేరిచ్చారు, అవతలి విలేకరి వరస ఇచ్చాడు. ఇద్దరూ బాలిక పేరు రాయలేదు కాబట్టి ఇద్దరూ రూలు పాటించామనే అనుకున్నారు. ఇలాంటి కేసుల్లో గుర్తింపు ఎక్కువగా బయటపడేది ఈ తోవలోనే.

అయితే మీ వార్తను విడిగా చూసినా దోషం లేకపోలేదు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ‘పేరు రాయకండి’ అని చెప్పి ఊరుకోలేదు. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఇంకా గుర్తింపును బయటపెట్టగల ఏ వివరమైనా మీడియాలో రాకూడదంది. నిందితుడు బయటివాడైతే అతని పేరు అతనిదే. ఇంటివాడైతే అతని పేరు బాలిక కుటుంబ వివరం కూడా అవుతుంది. అతని కాలనీయే ఆమె కాలనీ. ఇక ఇంటిపేరు సంగతి మీకు వేరే చెప్పాలా? ఒక ఊళ్లో ఒక ఇంటిపేరున్న గడపలు నాలుగుంటే ఎక్కువ. తండ్రి పేరు కూడా జోడిస్తే ఆ నాలుగూ ఒకటవుతాయి. పోలీసుల ప్రెస్‌నోట్‌లో ఉంది కదా అంటారేమో. ప్రెస్‌నోట్‌లో ఉన్నదల్లా అచ్చుకు పనికొస్తుందని ఏ చట్టమూ చెప్పలేదు.

శిక్ష సంగతి కూడా తెలిసి ఉండాలి. 23వ సెక్షన్ ఉల్లంఘనకు ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఉద్యోగి చేసిన పనికి పత్రిక ప్రచురణకర్త, యజమాని కూడా ఉమ్మడిగా బాధ్యులు. అది ఈ సెక్షన్‌లోనే మూడో ఉపసెక్షన్. దాన్ని గుర్తుపెట్టుకోండి, డెస్క్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. దీనికి తోడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. పాత శిక్షాస్మృతిలో 228ఎ. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఇవి కాగితం మీదే ఉండిపోయే సెక్షన్లని అనుకోకండి. కర్ణాటకలో 2017లో ఒక పత్రిక బాలిక పేరు అచ్చువేసింది. దాని ఎడిటర్ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు ఇలాంటి కేసు దర్యాప్తు చేయవచ్చా అన్న ప్రశ్న మీద 2022 మార్చిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. 2018లో, జమ్మూకశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు, ఫొటో వాడినందుకు పన్నెండు మీడియా సంస్థలు పది లక్షల చొప్పున బాధితుల పరిహార నిధికి కట్టాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.

ఇక ముందు ఏం చెయ్యాలన్నది. మీకు మూడు దారులున్నాయి. ఏది ఎంచుకున్నా తీర్పు వచ్చేదాకా, వచ్చాక కూడా, దాని మీదే ఉండాలి. అరెస్టు వార్తలో పేరు రాసి, ఛార్జిషీటు వార్తలో పేరు తీసి వరస రాస్తే, రెండు పత్రికలు కలిసి చేసిన పని మీరొక్కరే చేసినట్టవుతుంది.

మొదటి దారి, పేరు ఉంచి వరస తీసేయడం. బ్రిటన్ పత్రికల నియమావళి ఈ పద్ధతినే పాటిస్తుంది. బాలలపై లైంగిక నేరాల్లో పెద్దవాళ్లయిన నిందితుల పేరు రాయవచ్చు గానీ, నిందితుడికీ బిడ్డకూ ఉన్న సంబంధం వార్తలో ఎక్కడా తొంగిచూడకూడదంటుంది. వినడానికి తేలికగానే ఉంటుంది. రాయబోతే తెలుస్తుంది కష్టం. ‘తల్లి కూలికి వెళ్లిన సమయంలో’ అన్నా, ‘రాత్రి నిద్రిస్తుండగా’ అన్నా, ‘కొంతకాలంగా’ అన్నా చదివేవాడు ఇంటివాడే అని పట్టేస్తాడు. అవన్నీ పోవాలి. పైగా మీ విషయంలో అవతలి పత్రిక వరసను ఎప్పుడో బయటపెట్టేసింది. మీరు మళ్లీ పేరు రాసిన ప్రతిసారీ ఆ పాత క్లిప్పింగు లేచి వస్తుంది.

రెండోది దీనికి తలకిందులు. పేరు, ఫొటో, ఊరు, మండలం వదిలేసి ‘నిందితుడు బాలికకు బాగా తెలిసిన వ్యక్తి’ అనో, మహా అయితే ‘సమీప బంధువు’ అనో రాయడం. మామయ్యా, బాబాయా, బావా అన్నది అనవసరం. ప్రమాదం తెలిసినవాళ్ల నుంచే వచ్చిందన్న అసలు నిజం పాఠకుడికి చేరుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది, బయటివాళ్లకు తట్టదు. డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరి పేరు) తీసేసినా ఐటమ్ మీ నియోజకవర్గం పేజీలో పడితే లాభం లేదు, ఆ పేజీయే డేట్‌లైన్. జిల్లా మెయిన్ పేజీలో, జిల్లా కేంద్రం పేరుతో వెయ్యమని అడగాలి. ‘నా ఐటమ్ నా పేజీలోంచి పోతుందా’ అని మీకు చివుక్కుమంటుంది. ఈ దారి ఖరీదులో అదొక భాగం. పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆ మనిషి రేపు బెయిల్ మీద వచ్చి ఇంకో ఊళ్లో స్కూలు ఆటో నడిపితే అక్కడి తల్లిదండ్రులకు మీ పత్రిక ద్వారా తెలిసే వీలుండదు.

మూడో దారి, మనుషుల్ని పక్కనపెట్టి కేసు నడకను రాయడం. దీన్ని మన జిల్లా పేజీలు దాదాపు ముట్టుకోవు, నాకు అర్థం కాని సంగతి అది. పోక్సోలోని తీవ్రమైన నేరాల్లో సమాచారం నమోదైన నాటి నుంచి రెండు నెలల్లో దర్యాప్తు ముగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. ప్రత్యేక కోర్టు కేసును విచారణకు స్వీకరించాక 30 రోజుల్లో బాలిక సాక్ష్యం నమోదు చేయాలి. ఏడాదిలో విచారణ వీలైనంతవరకు పూర్తికావాలి. అది పోక్సో 35వ సెక్షన్. ఈ గడువులు మీ జిల్లాలో ఎన్ని కేసుల్లో దాటిపోయాయి? బాలికకు తోడుగా ఉండాల్సిన సపోర్ట్ పర్సన్‌ను నియమించారా? మధ్యంతర పరిహారం ఎన్నిటిలో అందింది? ఇవి అడగడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. కాకపోతే ఒకే కేసు మీద రాస్తే మళ్లీ వేలు ఆ ఊరివైపే చూపిస్తుంది. జిల్లాలోని పది పన్నెండు కేసులు కలిపి రాయాలి. పని ఎక్కువ, ఐటమ్ ఒక్కటే వస్తుంది.

నన్నడిగితే మీ కేసులో రెండోదాని మీద నిలబడి, వీలైనప్పుడు మూడోది కలపడం మేలు. నిందితుడు ఇంటివాడు కాకుండా హాస్టల్ వార్డెనో, ట్యూషన్ మాస్టరో అయితే నా మొగ్గు పేరు రాయడం వైపు ఉండేది. అతని చేతికిందికి ఎంతోమంది పిల్లలు వచ్చి ఉంటారు, మాట్లాడాల్సినవాళ్లు ఇంకా ఉండవచ్చు. అప్పుడు కూడా బడి పేరు, తరగతి రాకూడదు.

డెస్క్ అడిగిన ఫొటో గురించి. పోలీసులు ముసుగు వేసి చూపించిన నిందితుడు పనికిరాడు కాబట్టి ఫేస్‌బుక్‌లోంచి తియ్యమంటారు. ఆ ఫొటోలు ఎక్కడివి? ఏ పెళ్లిలోనో, పండగలోనో ఇంటిల్లిపాదీ దిగినవి. మీరు అతని ముఖం వరకు కత్తిరించి వేస్తారు. అసలు ఫొటో చూసిన చుట్టాలకు పక్కన ఎవరు నిలబడ్డారో గుర్తే. ముసుగు ఎందుకు వేస్తారో కూడా తెలుసుకోవడం మంచిది. బాధితులకో సాక్షులకో నిందితుడు ముందు తెలియని కేసుల్లో గుర్తింపు పరేడ్ (కొందరిని వరుసగా నిలబెట్టి నిందితుణ్ని గుర్తుపట్టించడం) జరుగుతుంది. అంతకుముందే పేపర్లో ముఖం చూసేస్తే, ‘ఫొటో చూసి గుర్తుపట్టారు’ అని డిఫెన్స్ లాయరు ఆ సాక్ష్యాన్ని నీరుగార్చేస్తాడు. మీ కేసులో నిందితుడు తెలిసినవాడే గనుక ఆ ఇబ్బంది లేదు. రేపు దోపిడీ కేసులో ఉంటుంది.

డెస్క్‌తో నైతికత మీద వాదన పెట్టుకోకండి. పేజీ పెట్టే వేళకు ఎవరికీ తీరిక ఉండదు. ఛార్జిషీటు పడకముందే ఒక మెసేజ్ పెట్టండి: ‘ఈ కేసులో నిందితుడు బాలిక కుటుంబ సభ్యుడు. పేరు, ఫొటో, ఊరు వేస్తే పోక్సో 23 ప్రకారం ప్రచురణకర్తపై కూడా కేసు వస్తుంది. పేరు లేకుండా, జిల్లా పేజీకి పంపుతున్నాను. మార్చాల్సి వస్తే లీగల్ వాళ్లను అడిగి చెప్పండి.’ మీరు పంపిన కాపీని దాచుకోండి. పేరు డెస్క్‌లో కలిపినా ముందు మీ గుమ్మంలోకే వస్తారు. కంట్రిబ్యూటర్‌కు సంస్థ ఎంతవరకు నిలబడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

తల్లి విషయం అన్నిటికన్నా సున్నితమైనది. ఆమె కోపం న్యాయమైనదే, ఆమెకు జవాబు చెప్పాలి కూడా. కానీ ఆమె అనుమతి ఇక్కడ చెల్లదు. బాధితురాలు మేజరైతే తన గుర్తింపు బయటపెట్టమని తానే రాతపూర్వకంగా అనుమతించవచ్చు. బాలిక విషయంలో పోక్సో కింద ఆ అనుమతి ఇవ్వగలిగింది ప్రత్యేక కోర్టు ఒక్కటే, అదీ బిడ్డకు మేలని తోస్తే, కారణాలు రాసి. తల్లి పేరు వేస్తే కూతురు పేరు వేసినట్టే. ఆమె దగ్గరికి వెళ్లి (కెమెరా లేకుండా) ఈ మాట చెప్పండి. ‘అతని పేరు వేస్తే ఊళ్లో అతనికి ఒక వారం తలవంపు. పాపకు పదేళ్లపాటు ఆ క్లిప్పింగ్ వెంట వస్తుంది’ అని విడమరిస్తే అర్థం చేసుకోవచ్చు, చేసుకోకపోనూవచ్చు. ఆమె మాట్లాడాలనే అనుకుంటే ‘బాలిక తల్లి’ అని, ఊరు లేకుండా, ఆమె చెప్పిన మాటల్లోంచి ఇంటి ఆనవాళ్లు తీసేసి రాయవచ్చు. పరిహారం, సపోర్ట్ పర్సన్ గురించి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగవచ్చని కూడా చెప్పండి. ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఆ యూట్యూబ్ కుర్రాడి వీడియోలో ముఖం మసక చేశాడని రాశారు. గొంతు మార్చాడా? గుమ్మం, గోడ మీది రంగు, ఆరేసిన యూనిఫాం కనిపిస్తున్నాయా? చాలామంది వీడియోలో మసక చేసి థంబ్‌నెయిల్‌లో మర్చిపోతారు. ముందు ఫోన్ చేసి తీసేయమని చెప్పండి. వినకపోతే ఫిర్యాదు చేయవచ్చు, కానీ మీరు స్టేషన్‌కెళితే విలేకరుల మధ్య గొడవగా మారిపోతుంది. బాలల సంరక్షణ విభాగానికి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ తెలియజేసి వాళ్లతో అడిగిస్తే దారి సాఫీగా ఉంటుంది. ఒకటే జాగ్రత్త, ఫిర్యాదు పేరుతో ఆ లింకును మీరు ఏ గ్రూపులోనూ పెట్టకండి.

మీ పాత వార్త వెబ్‌సైట్‌లోనూ ఈ-పేపర్‌లోనూ ఇంకా ఉండే ఉంటుంది. పేరు, తండ్రి పేరు, కాలనీ తీయించండి. శీర్షికలో మార్చినా లింకు చిరునామాలో, ట్యాగుల్లో, ఫొటో ఫైలు పేరులో అదే పేరు మిగిలిపోతుంటుంది, అవి కూడా చూడమనండి. ఈ-పేపర్‌లో పేజీ మార్చాక విడిగా తీసిన క్లిప్ లింకులు బతికే ఉన్నాయేమో చూసుకోవాలి. మామూలుగా చెప్పకుండా వార్త మార్చడం తప్పు, సవరణ వెయ్యాలి. ఇక్కడ సవరణ వేస్తే ‘ఫలానా తేదీ వార్త చూడండి’ అని మనమే పంపినట్టవుతుంది. చప్పుడు చేయకుండా మార్చడమే సరి. అవతలి పత్రిక విలేకరితో కూడా కూర్చోండి. మండలంలో మీరంతా కలిపి ఎంతమంది ఉంటారు, పదీ పన్నెండు మందేగా? ఇంటివాడే నిందితుడైన పోక్సో కేసుల్లో పేరు ఎవరమూ రాయం, బంధుత్వం ‘సమీప బంధువు’ దాటం అని ఒక్కమాట అనుకుంటే, ఏ ఒక్కడూ వెనకబడిపోడు. సీఐని కూడా కలిసి ప్రెస్‌నోట్‌లోనే ఆ వివరాలు లేకుండా ఇమ్మనండి. పోక్సో ఎఫ్ఐఆర్‌లను బహిరంగంగా పెట్టకూడదని 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఫోన్‌లో ఆ ఎఫ్ఐఆర్ పీడీఎఫ్ ఉంటే, ఎవరిచ్చారన్నది నేనడగను, తీసేయండి.

డబ్బు తీసుకున్నాడన్న మాట గురించి. దాన్ని పూర్తిగా ఆపలేరు. తగ్గించే పనులు మాత్రం కొన్నున్నాయి. కేసులో ప్రతి మలుపూ, ఛార్జిషీటు, సాక్ష్యం మొదలవడం, తీర్పు, పేరు లేకుండానే సరే, వరసగా పడుతుంటే నొక్కేశాడని అనడం కష్టం. నిందితుడి తరఫువాళ్ల నుంచి, వాళ్ల నాయకుడి నుంచి కేసు తేలేదాకా ప్రకటన తీసుకోకండి. దసరా యాడ్ టార్గెట్‌లో ఆ పదివేలు తగ్గుతాయి, నిజమే. కానీ యాడ్ పడిన మర్నాడు మీరు ఏ చట్టం చెప్పినా ఎవరూ వినరు.

పేరు రాసిన అరెస్టు వార్తకు ఇంకో బాకీ కూడా ఉంటుంది. మీరు ఇప్పటికే ఒకసారి రాశారు. కోర్టు అతన్ని నిర్దోషి అంటే, ఆ వార్త అంతే స్థలంలో రావాలి. అప్పుడు కూడా పేరు వెయ్యలేరు, ఎందుకంటే మళ్లీ బాలికే గుర్తుకొస్తుంది. ‘మృగాడు’, ‘కీచకుడు’, ‘కామాంధుడు’ లాంటివి అరెస్టు రోజున వాడితే వెనక్కి తీసుకునే వీలు లేదని అప్పుడే తెలుస్తుంది. ‘నిందితుడు’ అన్న మాటతో ఏ వార్తా చప్పబడిపోదు.

చివరగా మరో రెండు, మీ కేసువి కావు గానీ మీ చేతిలో ఎప్పుడైనా పడేవి. ప్రెస్‌నోట్‌లో ‘సుమారు 19 ఏళ్లు’ అని ఉంటే అక్కడ ఆగండి. వయసు నిర్ధారణకు మొదట చూసేది బడి లేదా పది సర్టిఫికెట్, ఆ తర్వాత జనన ధ్రువపత్రం. నేరం నాటికి 18 నిండకపోతే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నిందితుడి గుర్తింపు కూడా బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2019లో శంషాబాద్ దగ్గర ఒక యువ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగిన ‘దిశ’ కేసులో నలుగురు నిందితుల పేర్లు, ఫొటోలు, ఊళ్లు దేశమంతా చూసింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర వాళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని ఆ కాల్పులపై విచారించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, 2022లో బయటికొచ్చింది, తేల్చింది. అదే కేసు రెండో విషయానికీ ఉదాహరణ. మొదట కనిపించకుండా పోయిన యువతిగా, హత్యకు గురైన డాక్టరుగా ఆమె అసలు పేరు, ఫొటో అంతటా వెళ్లిపోయాయి. అత్యాచారం అని తేలాక ‘దిశ’ అని పిలవమని పోలీసులు కోరారు, అప్పటికే ఆలస్యమైంది. చనిపోయినా గుర్తింపు చెప్పకూడదనే సుప్రీంకోర్టు 2018లో అంది. అందుకని మిస్సింగ్ వార్తలో మీరు వేసిన ఫొటో తేదీ, లింకు రాసిపెట్టుకోండి. కేసులో సెక్షన్ మారిన రోజునే తీయించాల్సి వస్తుంది.

ఆ అమ్మాయి బడి సంగతి మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యంలో రాశారు. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడటానికి మీరు వెళ్లకండి, మీ బైక్ అక్కడ ఆగితేనే మళ్లీ మొదలవుతుంది. బాలల సంరక్షణ విభాగం అధికారికి ఫోన్ చేసి, బడి మానేసిందన్న సంగతి మాత్రం చెప్పండి. అవసరమైతే వేరే బడికి మార్పించే మాట వాళ్లు చూస్తారు. మార్చారో లేదో మీరు మళ్లీ కనుక్కోవచ్చు, అది ఐటమ్‌గా మాత్రం పంపకండి.